చదువుతున్న పుస్తకం గురించి తోటి విశ్వాసికి చెప్పడం ఎలా

"ఏం చదువుతున్నారు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది పుస్తకం పేరు చెప్పి, "చాలా ఆశీర్వాదకరంగా ఉంది, తప్పకుండా చదవండి" అని ఊరుకుంటాం. అడిగినవాళ్లు తలూపుతారు. ఆ పుస్తకం వాళ్ల చేతికి ఎప్పటికీ రాదు. మనం పేరు చెప్పాం గానీ అందులో ఏముందో, అది ఎవరికి పనికొస్తుందో, చదువుతుంటే మనలో ఏం కదిలిందో చెప్పలేదు కదా.

అయితే చెప్పడం కంటే ముందు వినాలి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు ఒక ఐతియొపీయుడి రథం దగ్గరికి పరుగెత్తుకెళ్లి మొదట చేసింది అదే. లోపల ఐతియొపీయుడు యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు, అది విన్నాకే "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని అడిగాడు. ఆయన ఏ వచనం దగ్గర ఆగిపోయాడో అక్కడి నుంచే మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు. పుస్తకం సిఫారసు చేయడం కూడా ఇలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అవతలి మనిషికి చదివే అలవాటు ఉందా, రోజుకి ఎంత టైమ్ దొరుకుతుంది, ఏ ప్రశ్న మనసులో తిరుగుతోంది, ఇవేవీ తెలుసుకోకుండా మనకు నచ్చింది వాళ్ల చేతిలో పెడితే అది వాళ్లకి బరువే.

నేను చేసిన తప్పు చెప్తాను. మా సంఘంలో ఒక అక్క భర్త చనిపోయిన రెండో నెలలో, శ్రమల గురించి నాకు బాగా నచ్చిన లావుపాటి పుస్తకం తీసుకెళ్లి ఇచ్చాను. దేవుడు బాధను ఎందుకు అనుమతిస్తాడో అందులో మెట్టు మెట్టుగా వివరించి ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆవిడ తిరిగి ఇస్తే తెరిచి చూశాను, గుర్తుగా పెట్టుకున్న కాగితం ముక్క పదకొండో పేజీలో ఉంది. "ఇంక ముందుకు పోలేకపోయాను, ఏమీ అనుకోకు" అంది. ఆవిడ నాకు సారీ చెప్పడం ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. "ఇప్పుడు ఏమైనా చదవగలుగుతున్నావా అక్కా" అని ముందే ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

ఒకే విషయం మీద, ఒకే రచయిత రాసిన రెండు పుస్తకాలు కూడా ఒకే మనిషికి పనికిరాకపోవచ్చు. క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్‌నే తీసుకోండి. 1940లో వచ్చిన 'ద ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్'లో బాధ గురించి తర్కంతో, నిదానంగా మాట్లాడతాడు. 1960లో ఆయన భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. మరుసటి ఏడాది 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్' వచ్చింది, అదీ సొంత పేరుతో కాదు, మారుపేరుతో. చిన్న పుస్తకం, డైరీలా ఉంటుంది, దేవుడి మీద కోపం కూడా దాచుకోకుండా రాసేశాడు. ప్రశ్నలతో సతమతమయ్యే కాలేజీ కుర్రాడికి మొదటిది ఇస్తాను. మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి రెండోది, అదీ వాళ్లు అడిగితేనే.

ఇక చెప్పే పద్ధతి. పుస్తకం పూర్తయ్యాక చెబుదాంలే అని ఆగొద్దు, సగంలో ఉన్నప్పుడే మాటలో వేడి ఉంటుంది. ఎక్కడిదాకా వచ్చారో, ఏ పేజీ దగ్గర ఆగిపోయారో, ఎందుకు ఆగారో చెప్పండి. ఎక్కడ కష్టంగా ఉందో కూడా దాచకండి. పూర్వకాలపు సంఘ పెద్ద అగస్టీన్ తన జీవితం గురించి రాసుకున్న పుస్తకం మీద నేను ఒక ఫ్రెండ్‌కి పంపిన మెసేజ్ ఇది:

"అగస్టీన్ రాసిన 'కన్ఫెషన్స్' చదువుతున్నాను, పదమూడు భాగాల్లో ఎనిమిదో దాంట్లో ఉన్నాను. తోటలో ఏడుస్తుంటే పక్కింట్లోంచి ఒక పసిగొంతు 'తీసుకో, చదువు' అంటుంది, ఆయన పుస్తకం తెరిస్తే రోమా 13:13-14 కళ్లబడుతుంది. అక్కడే రెండు రోజులు ఆగిపోయాను. మారాలని తెలిసి కూడా రేపు చూద్దాంలే అనుకోవడం నాకూ ఉంది. మొదటి తొమ్మిది భాగాలు జీవిత కథ, ఆ తర్వాత జ్ఞాపకం, కాలం, సృష్టి గురించిన ఆలోచనలు, అవి బాగా నెమ్మదిగా నడుస్తాయట. మొదటిసారి చదివేవాళ్లు తొమ్మిదో భాగంతో ఆపినా పర్వాలేదు. ఒకే పాపంతో ఏళ్లుగా పోరాడి అలసిపోయినవాళ్లకి ఇది ఇవ్వాలనిపిస్తోంది."

ఇంత చాలు. కథంతా చెప్పక్కర్లేదు, "నా జీవితాన్నే మార్చేసింది" అనక్కర్లేదు, నిజంగా మార్చి ఉంటే అది మాటలోనే తెలుస్తుంది.

ఒప్పుకోని విషయం ఉంటే అదీ ముందే చెప్పాలి. మన సహవాసాల్లో కథోలికులు ఉంటారు, బాప్టిస్టులు ఉంటారు, పెంతెకొస్తు వాళ్లు ఉంటారు, అందరూ అన్నీ ఒకేలా చూడరు. మధ్యయుగపు సన్యాసి థామస్ ఎ కెంపిస్ రాసిన 'ద ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్' నాలుగు భాగాల పుస్తకం, నాలుగోది పూర్తిగా ప్రభువు రాత్రి భోజన సంస్కారం గురించి, కథోలిక విశ్వాసం ప్రకారం రాసింది. ప్రొటెస్టెంట్ స్నేహితుడికి ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇస్తే అక్కడికొచ్చాక కంగారు పడడు. మొదటి మూడు భాగాల్లో తన అహం గురించి చదివి ఎలాగూ కొంచెం వంగి ఉంటాడు. రచయిత ఏ సంఘానికి చెందినవాడో చెప్పడం వేరు, దాన్ని పట్టుకుని ఎగతాళి చేయడం వేరు.

నచ్చింది కదా అని అంతా సరైనదే అనుకోకూడదు. బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్నే లేఖనాలు తెరిచి ప్రతిదినం పరిశోధించారు (అపొస్తలుల కార్యములు 17:11), మనం చదివే రచయితలు పౌలు కంటే పెద్దవాళ్లేం కాదు. పుస్తకంలో వచనం కనిపిస్తే బైబిల్ తెరిచి పైనా కిందా కనీసం ఒక పేరా చదవండి. రచయిత వచనాన్ని సందర్భంలోంచి లాగేసినట్టు అనిపిస్తే ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆ పేజీ గురించి హెచ్చరించండి. బైబిల్ ఉండగా వేరే పుస్తకాలెందుకు అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్లతో వాదన వద్దు. చెరలో ఉన్న పౌలు అంగీతో పాటు "పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను" తెమ్మని తిమోతికి రాశాడు, అవి ఏ పుస్తకాలో వాక్యం చెప్పదు గానీ ఆయన చదువరి అని మాత్రం తెలుస్తుంది.

ఏ ప్రతి చదువుతున్నారో చెప్పడం చాలామంది మర్చిపోతారు. జాన్ బన్యన్ 'యాత్రికుని ప్రయాణం' మొదటి భాగం 1678లో, కథానాయకుడి భార్య క్రిస్టియానా, వాళ్ల పిల్లల ప్రయాణం చెప్పే రెండో భాగం 1684లో వచ్చాయి. సంక్షిప్త ప్రతుల్లో, పిల్లల ప్రతుల్లో రెండో భాగం చాలాసార్లు ఉండదు. ఇద్దరం ఒకే పుస్తకం చదివాం అనుకుని మాట్లాడుకుంటే ఒకరికి తెలిసిన సగం ఇంకొకరికి తెలియదు. అనువాదం ఎవరిది, పూర్తి ప్రతేనా, ఇవి రెండు ముక్కల్లో చెప్పేయండి. ఇంకోమాట, కాపీరైట్ ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ గ్రూపుల్లో పంపడం ఆపేద్దాం. అది పరిచర్య కాదు, రచయిత కష్టాన్ని అడక్కుండా తీసుకోవడం.

పాతవీ కొత్తవీ కలిపి చెప్పండి. నాలుగో శతాబ్దపు బిషప్ అథనాసియస్ పుస్తకానికి రాసిన ముందుమాటలో లూయిస్ ఒక మంచి సలహా ఇచ్చాడు. ఒక కొత్త పుస్తకం చదివాక మధ్యలో పాతది ఒకటి చదివేదాకా మరో కొత్తది ముట్టుకోవద్దు, అంత కష్టమైతే మూడు కొత్తవాటికి కనీసం ఒక పాతదైనా చదవమన్నాడు. నేను రెండో లెక్కే పాటిస్తున్నాను.

నలుగురు కలిసి కూర్చునేటప్పుడు తలా ఐదారు నిమిషాలు, ఒక పేరా పైకి చదవడం, అంతే. పూర్తి చేయనివాళ్లని ఎవరూ ప్రశ్నించకూడదు. "నాకు బోర్ కొట్టింది, ఆపేశాను" అనే స్వేచ్ఛ ఉన్నచోటే "చదవండి" అన్న మాటకి విలువ ఉంటుంది.

పుస్తకం అప్పిస్తే ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. అందులో ఇంకో వరుస పెట్టండి, మీకు ఎవరు ఏది చదవమన్నారో. చదివాక, నచ్చకపోయినా సరే, వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. మా అక్కకి ఆ తర్వాత చాన్నాళ్లు నేనేమీ ఇవ్వలేదు. ఒకరోజు ఆవిడే "చిన్నదేమైనా ఉందా" అని అడిగింది. పల్చటి పుస్తకం ఒకటి ఇచ్చాను. ఈసారి తిరిగొచ్చినప్పుడు కాగితం ముక్క లేదు, పెన్సిల్ గీతలు ఉన్నాయి, ఆఖరి పేజీ దాకా.