మత్తు దిగే గదిలో కొత్త డ్యూటీ: భయం పోవాలంటే ఏం చేయాలి?

రికవరీ రూమ్‌లో నర్సుగా నా రెండో రోజు. హెర్నియా ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన్ని ట్రాలీ మీద తెచ్చి దింపారు. గురక పెడుతున్నాడు. హాయిగా నిద్రపోతున్నాడు అనుకుని కేస్ షీట్ రాయడానికి కూర్చున్నాను. అటుగా వెళ్తున్న సీనియర్ దీదీ టక్కున ఆగి, ఆయన దవడ మూలలు రెండు చేతులతో పట్టుకుని ముందుకు ఎత్తింది. గురక ఆగింది. ఆక్సిజన్ మాస్క్ లోపల తెల్లగా ఆవిరి కమ్మింది, అంటే ఊపిరి సరిగా ఆడుతోంది. అంతకుముందు ఆవిరి లేదన్న సంగతి నేను చూడనే లేదు. మానిటర్ మీద శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97 కనిపిస్తోంది కదా అని ధీమాగా ఉన్నాను.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆసుపత్రుల్లో చేరే మన పిల్లలు చాలామంది వార్డు డ్యూటీ చేసి, ఒక్కసారిగా ఈ గదిలోకి వస్తారు. చేతులు వణుకుతాయి, నాకూ వణికాయి. ఆ టెన్షన్ ఎలా తగ్గిందో, ఏ పని ముందు చేయాలో వరసగా చెబుతాను.

పేషెంట్ రాకముందే మంచం సిద్ధం చేయండి

సక్షన్ (నోట్లో, గొంతులో చేరినవి లాగేసే యంత్రం) ఆన్ చేసి గొట్టం కొనకు వేలు అడ్డం పెట్టి లాగుతోందో లేదో చూడండి. ఆక్సిజన్ వస్తోందా, సిలిండర్ అయితే ముల్లు ఎక్కడుంది, యాంబూ బ్యాగ్‌కు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) సరిపోయే మాస్క్ పక్కనే ఉందా, ఎమర్జెన్సీ ట్రేలో ఏ మందు ఎక్కడుంది. డ్యూటీలోకి రాగానే ఇవన్నీ చేత్తో ముట్టుకుని చూసుకోవాలి. కరెంటు పోతే కాలితో తొక్కే సక్షన్ ఎక్కడుందో కూడా తెలిసి ఉండాలి. పది నిమిషాల పని ఇది. సగం భయం ఇక్కడే పోతుంది.

ఓటీ (ఆపరేషన్ థియేటర్) వాళ్ళు వెళ్ళిపోయే ముందే అడగండి

ఏ ఆపరేషన్, ఏ మత్తు, రక్తం ఎంత పోయింది, నొప్పి మందు చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, కండరాలు సడలించే మందు ఇచ్చి ఉంటే దానికి విరుగుడు పడిందా, ఏ మందైనా పడదా? ఇవన్నీ అడగండి. మీరు మొదటి బీపీ, పల్స్, శాచురేషన్ చూసేదాకా మత్తు డాక్టర్‌ను ఉండమనండి. "ఒక్క నిమిషం సార్" అనడం అమర్యాద కాదు.

ముందు ఊపిరి, తర్వాతే మిగతావన్నీ

అరచెయ్యి పేషెంట్ ముక్కు, నోటి దగ్గర పెట్టండి. గాలి తగలాలి. రెండో చెయ్యి ఛాతీ మీద వేసి, చెవి కూడా అటే పెట్టండి. గురక వినిపిస్తే నాలుక వెనక్కి జారి గాలి దారి సగం మూసుకుందని అర్థం. తల వెనక్కి వాల్చి గడ్డం ఎత్తాలి. చాలకపోతే దవడ ముందుకు ఎత్తాలి. అసలు చప్పుడే లేకుండా, ఛాతీ లోపలికి పోతూ పొట్ట పైకి లేస్తుంటే అది గురక కంటే ప్రమాదం. దారి పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. దవడ ఎత్తి పట్టుకునే గట్టిగా కేక వేయండి, మనిషిని వదిలి మాత్రం వెళ్ళొద్దు. స్పృహ వస్తున్నవాళ్ళ నోట్లో ఎయిర్‌వే (నాలుక వెనక్కి జారకుండా పెట్టే గొట్టం) పెడితే వాంతి కావచ్చు, స్వరపేటిక బిగుసుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి అది ఏ స్పందనా లేనివాళ్ళకే.

మానిటర్‌ను నమ్మాలి, కానీ అది ఆలస్యంగా చెబుతుంది. మాస్క్‌తో ఆక్సిజన్ పోతున్నప్పుడు ఊపిరి బాగా తగ్గినా శాచురేషన్ కాసేపు బాగానే కనిపిస్తుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పేరుకుంటూ ఉంటుంది. అందుకే గడియారం చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. మార్ఫిన్ లాంటి మందు పడినవాళ్ళలో నిమిషానికి 10 కంటే తగ్గితే తట్టి లేపండి, ఊపిరి తీసుకోమనండి, డాక్టర్‌కు చెప్పండి. ఇంకో చిన్న సంగతి: బీపీ కఫ్ కట్టిన చేతికే శాచురేషన్ క్లిప్ పెట్టకండి. కఫ్ బిగిసిన ప్రతిసారీ అంకె పడిపోయి ఊరికే గాభరా పెడుతుంది.

మొదటి 15 నిమిషాలు 5 నిమిషాలకోసారి, తర్వాత 15 నిమిషాలకోసారి చూసి రాయడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. మీ ఆసుపత్రి పద్ధతి వేరైతే అదే పాటించండి. మత్తు నుంచి ఎంత కోలుకున్నారో చెప్పే ఆల్డ్రెటే స్కోరు 1970లో వచ్చింది, ఇప్పటికీ వాడతారు. కాళ్ళూచేతుల కదలిక, ఊపిరి, బీపీ, స్పృహ, రంగు (ఇప్పుడు దాని బదులు శాచురేషన్), ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం 10లో 9 వస్తే వార్డుకు పంపొచ్చంటారు. కానీ ఆ స్కోరులో రక్తస్రావానికీ నొప్పికీ చోటు లేదు. వాటిని మీరే చూడాలి.

సిజేరియన్ తల్లి దగ్గర దుప్పటి ఎత్తి చూడండి

నడుముకి మత్తు ఇచ్చినవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు, మనమే ఏమరుస్తాం. "సిస్టర్, వికారంగా ఉంది" అంటే వాంతి మందు వెతికే ముందు బీపీ చూడండి. బీపీ పడిపోతోందని చెప్పే మొదటి గుర్తు చాలాసార్లు అదే. రక్తం నడుము కిందికి జారి పరుపులోకి పోతుంది, పైనుంచి కనపడదు. చెయ్యి కిందికి పోనిచ్చి తడి ఉందేమో చూడండి, ప్యాడ్ చూడండి, బొడ్డు దగ్గర గర్భసంచి గట్టిగా తగులుతోందో లేదో చూడండి. రక్తం పోతుంటే బీపీ పడకముందే పల్స్ పెరుగుతుంది.

చలి, భాష

వణుకు వస్తే శరీరం ఆక్సిజన్ ఎక్కువగా వాడేస్తుంది. పైగా మన ప్రాంతంలో, ముఖ్యంగా ఆదివాసీ కుటుంబాల్లో, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉంది. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు చలి, ఆక్సిజన్ తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం మూడూ పడవు. కేస్ షీట్‌లో సికిల్ సెల్ అని ఉంటే దుప్పటి ముందే వెచ్చగా సిద్ధం చేసుకోండి.

సగం మత్తులో ఉన్న మనిషికి సొంత భాషే చెవికెక్కుతుంది. మన తెలుగువాళ్ళకి "కళ్ళు తెరువమ్మా" చాలు. ఒడియావాళ్ళకి "ఆఖి ఖొలంతు", "నిశ్వాస నిఅంతు" అనండి. సవర, కుయి మాట్లాడేవాళ్ళు వస్తే, ఆపరేషన్‌కు ముందే వాళ్ళ అటెండెంట్‌ను అడిగి "ఊపిరి తీసుకో", "నొప్పా?" అన్నవి తెలుగు లిపిలో కాగితం మీద రాసి మంచానికి అంటించుకోండి. నేను అలాగే చేస్తాను. లేచీ లేవగానే పెనుగులాడుతుంటే మొండితనం అనుకోవద్దు. ముందు ఆక్సిజన్, తర్వాత మూత్రం బిగబట్టిందేమో, తర్వాత నొప్పి చూడండి.

పిలవడం నేర్చుకోండి

నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే. రాత్రి 2 గంటలకు డాక్టర్‌ను లేపితే తిడతారేమో అని ఆలస్యం చేసేదాన్ని. ఇప్పుడు ఫోన్ ఎత్తే ముందు అంకెలు కాగితం మీద పెట్టుకుంటాను: "మేడం, రికవరీ నుంచి. సిజేరియన్ అయ్యి 40 నిమిషాలు. పల్స్ 90 నుంచి 124కి పెరిగింది, బీపీ 94/60. ప్యాడ్ నిండింది, గర్భసంచి మెత్తగా ఉంది. మసాజ్ చేస్తున్నాను, మీరు వెంటనే రావాలి." ఇలా చెబితే ఎవరూ "ఏమైంది?" అని విసుక్కోరు, బయల్దేరతారు. ఇంట్లో రెండుసార్లు పైకి చదివి అలవాటు చేసుకోండి.

దవడ ఎత్తడం పుస్తకంతో రాదు. ఒక వారం ఉదయం కేసులప్పుడు మత్తు డాక్టర్ పక్కన, పేషెంట్ తల దగ్గర నిలబడతానని అడగండి. చాలామంది సంతోషంగా చేయించి చూపిస్తారు.

పేషెంట్‌ను పంపేటప్పుడు ట్రాలీ వెంట వార్డు దాకా మీరే వెళ్ళండి. చివరి నొప్పి మందు ఏ టైముకు పడిందో, కాళ్ళకు స్పర్శ ఎంతవరకు వచ్చిందో వార్డు సిస్టర్‌కు నోటితో చెప్పండి, మీ ముందే ఒకసారి బీపీ చూడమనండి.