మిల్లు లోన్ కాగితాల్లో ఆ 1.25 ఎక్కడుందో ముందు వెతకండి

పర్లాకిమిడి, గుణుపురం వైపు రైస్ మిల్లుకో జీడిపప్పు యూనిట్‌కో టర్మ్ లోన్ తీసుకునేవాళ్లు వడ్డీ దగ్గరే బేరమాడి, డీఎస్‌సీఆర్ (అప్పు కట్టడానికి ఏడాదిలో చేతికొచ్చే డబ్బు, ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీలకు ఎన్ని రెట్లుందో చెప్పే నిష్పత్తి) అని ఉన్న పేజీ తిప్పేస్తారు. నేనూ అలాగే సంతకం పెట్టి తర్వాత తల పట్టుకున్నాను.

లెక్క ఇలా ఉంటుంది: పన్ను పోగా లాభం 14 లక్షలు, తరుగుదల 6, లోన్ వడ్డీ 10, మొత్తం 30. ఏడాదిలో కట్టాల్సిన అసలు 15, వడ్డీ 10, అంటే 25. 30ని 25తో భాగిస్తే 1.20. ఒప్పందంలో ఇది కనీసం 1.25 ఉండాలని రాసుంటే, ఒక్క కిస్తీ తప్పకపోయినా మీరు షరతు మీరినట్టే.

ఆ తర్వాత, క్యాష్ కంట్రోల్ షరతు కూడా రాసుంటే, అమ్మకాల డబ్బంతా ఎస్క్రో ఖాతాలోకి, అంటే బ్యాంకు అదుపులో ఉండే ఖాతాలోకి పోతుంది, అందులోంచి ముందు పన్నులు, కరెంటు బిల్లు, జీతాలు, ఆపైన కిస్తీ, ఇంకా మిగిలితే అదీ అసలు కిందే జమ. భాగస్వాములు సొంతానికి తీసుకోవడం బంద్. ధాన్యం కొనే సీజన్‌లో ఇలా జరిగితే కాటా దగ్గర నిలబడ్డ రైతుకేం చెప్తారు?

అందుకే మూడు నెలలకోసారి కాకుండా, ఆడిట్ అయిన ఏడాది లెక్కల మీద ఈ నిష్పత్తి చూడమని బ్యాంకును ముందే అడగండి. తగ్గితే సొంత డబ్బు తెచ్చి సరిచేసుకోడానికి గడువు రాయించుకోండి. నిష్పత్తి వరసగా రెండుసార్లు బాగుంటే ఎస్క్రో కట్టడి ఎత్తేయాలనే వాక్యం కూడా పెట్టించండి, నా కాగితాల్లో లేనిది అదే.