పాత కాగితాల కొలాజ్ బుక్‌మార్కులు: సమస్యలు, పరిష్కారాలు

పాత కాగితాల ముక్కలను అట్టకు అంటించి (అదే కొలాజ్) చేసిన బుక్‌మార్క్ ఎంత అందంగా ఉన్నా పుస్తకాన్ని పాడుచేస్తే పనికిరాదు. బెజవాడ లెనిన్ సెంటర్‌లో వెతికి వెతికి కొనుక్కున్న పాత పుస్తకంలో మరక పడితే మళ్ళీ పోదు. అందుకే ఈ పరిష్కారాలన్నీ ముందు పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నవి.

ఆరాక విల్లులా వంగిపోయింది

దాదాపు అందరికీ ఎదురయ్యేది ఇదే. కారణం జిగురులోని నీళ్ళు. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అట్టకు ఒకవైపే కాగితాలు అంటిస్తే అవి ఆరుతూ అట్టను తమవైపు లాగేస్తాయి. వెనకవైపు కూడా ఒక పలచని కాగితం అంటించండి, లాగుడు రెండువైపులా సరిపోతుంది. ఇప్పటికే వంగిపోయినదానికి కూడా ఇదే మందు.

అట్ట కోసేటప్పుడు పీచు వాటం చూసుకోవాలి. మిల్లులో తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటుంది. తడిసినప్పుడు దానికి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అట్టను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఏ మడత తేలిగ్గా పడుతుందో ఆ గీత వెంబడే పీచు ఉన్నట్టు. ఆ గీత బుక్‌మార్క్ పొడవునా వచ్చేలా కోయండి. ఐదు నిమిషాలు కూడా పట్టని ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు, సగం వంకరలు అక్కడే మొదలవుతాయి.

ఆరబెట్టడానికి ఫ్యాన్ కింద పెట్టకండి, పైభాగం ముందు ఆరిపోయి వంగుతుంది. తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన నాలుగు లావుపాటి పుస్తకాలు ఉంచి రాత్రంతా వదిలేయండి. బెజవాడలో వానాకాలం గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి తెల్లకాగితాలు మారుస్తూ ఇంకో రోజు ఉంచితే మంచిది.

బుడగలు, ముడతలు

ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, కాగితం అతికించేలోపే జిగురు ఆరిపోతుంది. ఆరినచోట అంటుకోదు, అక్కడ బుడగ లేస్తుంది. ఫ్యాన్ ఆపి, ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్ళు కలిపి, ఒక్కో ముక్కకే పూసి వెంటనే అంటించండి. పైన కాగితం వేసి చెంచా వెనకభాగంతో మధ్య నుంచి అంచులకు రుద్దండి.

శుభలేఖ ముక్క ఊడిపోతోంది

నున్నటి ప్లాస్టిక్ పూత ఉన్న కార్డు జిగురును పీల్చుకోదు. అంటించే వైపు పూత ఉంటే సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది అంటించండి. అలాంటి కార్డునే అడుగు అట్టగా వాడదల్చుకుంటే పూత లేని వైపు కొలాజ్ చేయండి.

పుస్తకం పేజీకి రంగు అంటింది

శుభలేఖ మూలలకు రాసిన పసుపు కాగితం మీద మరక చేస్తుంది. ఆ మూలలు కోసి పారేయాల్సిందే. రాలిపోయే మెరుపు పొడి ఉన్న కార్డులూ వద్దు. ఇంక్‌జెట్ ప్రింట్లు తడికి కారతాయి, ముందు ఒక మూల తడి దూదితో అద్ది చూడండి. న్యూస్‌పేపర్ సిరా చేతికే అంటుతుంది, పైగా ఆ కాగితంలో లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) ఎక్కువ కాబట్టి వెలుతురు తగిలి త్వరగా పచ్చబడుతుంది. ఆ అక్షరాలే కావాలంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీయించుకోండి. జిరాక్స్ నలుపు నీటికి కారదు.

బూజు, పురుగులు

మైదా జిగురు చవక, పట్టు కూడా బాగుంటుంది. కానీ పిండి కాబట్టి బొద్దింకలకు ఇష్టం, చెమ్మలో బూజు పడుతుంది. బైండింగ్ పనిలో దీనికి మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు కూర్చుని చేసే పనిలో అసలు వాడకండి. వానాకాలంలో మైదా మానేసి ఫెవికాల్ వాడితే సరి.

పుస్తకం సరిగ్గా మూసుకోవడం లేదు

పొరలు ఎక్కువయ్యాయి. అట్ట మీద రెండు పొరలు చాలు, అంతకు మించకూడదు. కుచ్చు కడితే పూసలు, ముడి పుస్తకం బయటే ఉండాలి, లేకపోతే పేజీల మీద గుంట పడుతుంది.