కమాన్ పట్టీతో వంటింటి కత్తి ఎలా చేయాలి?

ఇంటి దగ్గర కొలిమి పెట్టుకునేవాళ్లు కత్తి ఆకారం మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా నీళ్లు పట్టడం మీద, అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా ముంచి గట్టిపరచడం మీద, పెట్టరు. వంకర పోతే మళ్లీ కాల్చి సరిచేయొచ్చు. పిడి నచ్చకపోతే మార్చొచ్చు. నీళ్లు పట్టేటప్పుడు పగులు వచ్చిందంటే మాత్రం ఆ ముక్క పాత ఇనుము కొట్టుకే. అందుకే మిగతా పనులన్నీ గబగబా చెప్పేసి, ఆ ఒక్క పని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఇక్కడ చెప్పేది ఆరంగుళాల కూరగాయల కత్తి గురించి.

ఇనుము

కమాన్ పట్టీ, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ (లీఫ్ స్ప్రింగ్), తప్ప వేరేది వద్దు. సూర్యాపేట, నకిరేకల్, జడ్చర్ల లాంటి హైవే ఊళ్లలో కమాన్లు కట్టే షెడ్లు ఉంటాయి, అక్కడ దొరుకుతుంది. లారీ పట్టీ మందం ఎక్కువ, చేత్తో సాగదీయాలంటే భుజాలు పోతాయి. జీపుదో ట్రాలీ ఆటోదో 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం పట్టీ చూసుకోండి. విరిగిన పాత పట్టీ తీసుకోవద్దు. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి దాని లోపల వెంట్రుకంత పగుళ్లు పడి ఉంటాయి. అవి కంటికి కనపడవు, ఎర్రటి కత్తి నూనెలో పడ్డాకే బయటపడతాయి. కొత్త పట్టీ కోసినప్పుడు మిగిలిన తుండు అడిగి తెచ్చుకోండి.

కమాన్ ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. స్లాబుకు వేసే సలాకలో 0.3 శాతం లోపే. దాన్ని ఎన్నిసార్లు ముంచినా వాదర (కోసే అంచు) నిలవదు. అనుమానంగా ఉంటే వేలెడు ముక్క ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టండి. పెంకులా విరిగి, లోపల సన్నటి బూడిదరంగు గరుకు కనపడితే పనికొస్తుంది. వంగితే పక్కన పడేయండి. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు గురించి చదివి, ఆ పద్ధతులన్నీ కమాన్ పట్టీ మీద చేసి చూస్తుంటారు. దాంట్లో కార్బన్ దీనికి రెట్టింపు పైనే. ఆ ఉక్కు తీరు వేరు, దీని తీరు వేరు.

సామాన్లు

కొలిమికి పాత లారీ బ్రేక్ డ్రమ్ము, కింద నుంచి గాలికి ఒకటిన్నర అంగుళం గొట్టం, చేత్తో తిప్పే బ్లోయర్. దాగలికి (కింద పెట్టి కొట్టే దిమ్మకు) 20, 25 కిలోల ఇనుప దిమ్మ చాలు, తుమ్మ మొద్దు మీద కదలకుండా బిగించండి. కిలో సుత్తి, గట్టి పట్టుకారు, ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు), పాత స్పీకరులోని అయస్కాంతం. నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్లద్దాలు. పాలిస్టర్ చొక్కా మీద నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుపోతుంది.

బొగ్గు సర్కారు తుమ్మదే వాడండి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో దానికి కొదవ లేదు. రాతి బొగ్గులో గంధకం ఉంటుంది, కొత్తవాళ్ల చేతిలో చిట్టెం (కరిగి గడ్డకట్టిన మడ్డి) కట్టి మంట చెడుతుంది. ఒక కత్తికి ఐదారు కిలోల బొగ్గు పడుతుంది.

కొట్టడం

25 మి.మీ. వెడల్పు, 160 మి.మీ. పొడవు ముక్క కోసుకోండి. నారింజ పండు రంగు వచ్చాకే సుత్తి ఎత్తాలి. మసక ఎరుపుకు దిగగానే ఆపేసి మళ్లీ నిప్పుల్లో పెట్టాలి. చల్లారిన ఉక్కు మీద కొడితే పగులుతుంది. తెల్లగా కాలి మతాబులా రవ్వలు చిమ్మిందంటే ఉక్కే తగలబడుతున్నట్టు, ఆ కొన కోసేయాల్సిందే.

ముందు మొన తీయండి, తర్వాత పిడిలోకి పోయే తోక. వాదర పల్చగా కొట్టే ముందు ముక్కను అరటిపండులా వాదర వైపుకు వంచి పెట్టుకోండి. వాదర సాగే కొద్దీ అదే నిటారుగా వస్తుంది. ఇలా వంచకపోతే మొన పైకి లేచి కొడవలిలా తయారవుతుంది. వెన్ను 3 మి.మీ. ఉండాలి. వాదరను రూపాయి బిళ్ల మందం కన్నా పల్చన చేయొద్దు. ఇప్పుడే బ్లేడులా సన్నం చేస్తే నూనెలో అలలా మెలికపడుతుంది.

ఆకారం వచ్చాక మూడుసార్లు ఎర్రగా కాల్చి, ప్రతిసారీ నల్లబడేదాకా గాలికి ఆరనివ్వండి. సుత్తి దెబ్బలకు లోపల పట్టిన బిగువు దీంతోనే వదులుతుంది. నాలుగోసారి కాల్చి బూడిదలో పూడ్చి తెల్లారేదాకా వదిలేస్తే ఆకురాయికి లొంగుతుంది. పిడి మేకుల బెజ్జాలు ఇప్పుడే వేయాలి. గట్టిపడ్డాక డ్రిల్లు దిగదు.

నీళ్లు పట్టడం

పేరుకు నీళ్లు పట్టడమేగానీ కమాన్ ఉక్కును నీళ్లలో ముంచకూడదు. మన దగ్గర చెడిపోయే కత్తుల్లో ఎక్కువ ఇక్కడే చెడతాయి. నీళ్లు వేడిని మరీ వేగంగా లాగేస్తాయి. పైపొర గట్టిపడి బిగుసుకున్నాక లోపలి ఉక్కు గట్టిపడుతూ ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి సన్నటి వాదర తట్టుకోలేదు. 'టిక్' అని చిన్న చప్పుడు వినిపిస్తుంది, అంతే.

పల్లి నూనె నాలుగైదు లీటర్లు, కత్తి నిలువునా మునిగేంత లోతున్న ఇనుప డబ్బాలో, మూడింట రెండు వంతుల దాకా పోయండి. ప్లాస్టిక్ బకెట్ దగ్గరికి కూడా రానీయొద్దు. నూనెలో ఎర్రటి ఇనుప ముక్క ముంచి కలిపి, 50, 60 డిగ్రీలకు తేండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని సరిగా లాగదు, కాస్త వేడెక్కితే పల్చబడి కత్తిని బాగా అంటుకుంటుంది. ఆముదం మన జిల్లాల పంటే అయినా ఈ పనికి మరీ జిగురు. కాలిన ఇంజన్ ఆయిల్ పొగలో లోహపు మురికి ఉంటుంది, వంటింట్లోకి పోయే వస్తువుకు దాన్ని వాడొద్దు. డబ్బాకు సరిపోయే ఇనుప మూత చేతికందేలా పెట్టుకోండి. నూనె అంటుకుంటే మూత వేయాలి, నీళ్లు చల్లితే మంట మీదికి లేస్తుంది. గడ్డివాము పక్కన, పశువుల కొట్టంలో ఈ పని చేయొద్దు.

ఈ పని పొద్దుగూకాకే చేయాలి. పాలమూరు ఎండలో కాలిన ఉక్కు నిజం రంగు తెలియదు. మసకగా ఉందనుకుని ఇంకా ఇంకా కాలుస్తారు, ఉక్కు లోపలి రేణువులు పెద్దవై కత్తి పెళుసవుతుంది.

కత్తిని వెన్ను కిందికి, వాదర పైకి ఉండేలా నిప్పుల్లో పెట్టి, ముందుకూ వెనక్కూ మెల్లగా జరుపుతూ ఉండండి. గాలి బాగా తగ్గించండి. మొన అన్నిటికన్నా ముందు కాలుతుంది కాబట్టి దాన్ని మంట దాటించి అవతలికి పెట్టండి. చీకట్లో నిదానంగా చూస్తే ఎర్రటి కత్తి లోపల నీడలు కనపడతాయి. చెరువు మీద మబ్బు నీడ జరిగినట్టు, వాదర దగ్గర మొదలై వెన్ను వైపుకు జరుగుతాయి. అప్పుడే ఉక్కు లోపల మారుతున్నది. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోవడం మానేస్తుంది. అది సుమారు 770 డిగ్రీలు. చాలామంది అక్కడే ముంచేస్తారు. అది తొందరపాటు, ఆ వేడికి కమాన్ ఉక్కు పూర్తిగా మారదు. 830, 850 దాకా పోవాలి. ఆఖరి నీడ వెన్నులో కరిగి, కత్తంతా ఒకే మోదుగు పువ్వు రంగుకు వచ్చాక నిమిషం పాటు ఆ రంగును నిలపండి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ముంచొద్దు. తీసి, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

మొన కిందికి, నిట్టనిలువుగా, ఆగకుండా ఒక్కసారే పూర్తిగా ముంచాలి. పక్కలకు ఊపితే ఒకవైపు ముందు చల్లారి వంగిపోతుంది. వాదర, వెన్నుల దిశలోనే అటూ ఇటూ కదిలిస్తూ పది లెక్కపెట్టండి. సగం బయట ఉండగా మంట లేస్తే భయపడి లాగొద్దు, ముంచేయండి. బయటికి తీయగానే వెన్ను మీదుగా చూడండి. వంకర ఉంటే తోలు తొడుగు వేసుకుని రెండు చెక్కల మధ్య నొక్కడానికి అర నిమిషం సమయం ఉంటుంది. ఆ తర్వాత నొక్కితే విరుగుతుంది. పూర్తిగా చల్లారాక వాదర మీద ఆకురాయి లాగితే గాజు మీద జారినట్టు జారాలి. మొదటి ఒకటి రెండు లాగుళ్లకు పైపొర రాలినా ఫర్వాలేదు. అప్పటికీ కొరుకుతుంటే గట్టిపడలేదన్నమాట.

ఇప్పుడు కత్తి గాజు పలకలాంటిది, చేయిజారి బండ మీద పడితే రెండు ముక్కలు. పెళుసు తీసే పని రేపటికి వాయిదా వేయకండి, రాత్రికి రాత్రే తనంతట తాను పగలొచ్చు. ఓటీజీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టి, తీసి చల్లార్చి, మళ్లీ రెండు గంటలు. ఓవెన్ మీది అంకెను నమ్మొద్దు, లోపల విడిగా థర్మామీటర్ పెట్టుకోండి. ముందే కాస్త మేర ఎమరీతో మెరిసేలా రుద్దితే రంగు తెలుస్తుంది: లేత ఎండుగడ్డి రంగు రావాలి. కొడవలికి, గొడ్డలికి ఇంకాస్త ముదిరి ఊదా రంగు దాకా పోనిస్తారు, అవి దెబ్బ తట్టుకోవాలి కాబట్టి. కూరగాయల కత్తి నీలం రంగుకు పోయిందంటే మెత్తబడిపోయింది, మళ్లీ మొదటి నుంచి కాల్చి ముంచాల్సిందే. గ్యాస్ పొయ్యి మంట మీద ఈ పని చేస్తే ఒకచోట గడ్డి రంగు, ఇంకోచోట నీలం వస్తాయి.

పదును, పిడి

గ్రైండర్ పెడితే ఉత్త చేతులతో పట్టుకోండి. వేలికి కాక తగలగానే నీళ్లలో ముంచండి. వాదర ఒక్కసారి నీలం తిరిగితే చేసిన పనంతా పోయినట్టే. ఆఖరి పదును సానరాయి మీదే, ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో.

పిడికి బాగా ఎండిన నల్లతుమ్మ. రెండు చెక్కలు, రెండు ఇత్తడి మేకులు, మధ్యలో ఎరాల్డైట్ జిగురు, పైన అవిసె నూనె. ఇది స్టీలు కత్తి కాదు. నిమ్మకాయ, చింతపండు తగిలాక కడిగి వెంటనే తుడవాలి. కొన్ని వారాలకు మీద నల్లటి పొర కడుతుంది. అది తుప్పు కాదు, ఉక్కును కాపాడే పొర. దాన్ని పీచుతో రుద్ది తీసేయకండి.