నెలల తరబడి వదలని నడుం నొప్పి: ఫిజియోథెరపీతో దారికి తెచ్చుకోవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీకి నడుం పట్టేస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. కమిషన్ కొట్లో కూర్చుని లెక్కలు రాసే నాకూ పట్టేసింది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి నరాలు కూడా, ఒకసారి దొంగను చూసిన కుక్క ఆకు రాలినా మొరిగినట్టు, చిన్నదానికే కేకలు పెట్టడం నేర్చుకుంటాయి. నిద్ర చాలకపోయినా, టెన్షన్ పెరిగినా ఆ కేకలు ఎక్కువవుతాయి.

ముందు డాక్టరుకు చూపించుకోండి. కింద పడ్డాక మొదలైన నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వ్యాయామం మాట తర్వాత. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మల మూత్రాల మీద అదుపు పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. స్కానింగులో ‘డిస్కు అరిగింది’ అని రాస్తే మాత్రం హడలిపోకండి, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ అది మామూలే.

తర్వాత ఫిజియోథెరపిస్టు. ఇక్కడే నేను పొరపాటు చేశాను. పది సిట్టింగులు బోర్లా పడుకుని కరెంటు పెట్టించుకున్నాను. ఉన్నంతసేపూ హాయి, ఇంటి దగ్గర ఆటో దిగేసరికి మళ్లీ అదే నడుం. ఫలానా జబ్బు వల్ల అని తేలని ఇలాంటి నొప్పికి ట్రాక్షన్ (నడుమును లాగి సాగదీయడం), అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలతో చికిత్స), టెన్స్ (చర్మం మీద నుంచి సన్నగా కరెంటు పెట్టడం), నడుం బెల్టులు మామూలుగా వాడొద్దని, వ్యాయామం చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. అందుకే మొదటి రోజే అడగండి: “ఇంటి దగ్గర నేనేం చేయాలండీ?” దానికి జవాబు చెప్పని చోట ప్యాకేజీ డబ్బు కట్టొద్దు.

ఇక లెక్క. ఎంతసేపు నడిస్తే, ఎంతసేపు కూర్చుంటే నొప్పి పెరుగుతోందో వారం పాటు క్యాలెండరులో రాయండి. నడక 15 నిమిషాలకు పెరుగుతుంటే 12 దగ్గర ఆపండి. బాగున్న రోజూ 12 నిమిషాలే. అసలు కష్టం ఇదే. నొప్పి కాస్త తగ్గిందని ఇల్లంతా బూజులు దులిపి రెండు రోజులు మంచమెక్కడం మనందరికీ అలవాటు. వారానికి ఒకటో రెండో నిమిషాలు పెంచుకుంటూ పోండి. ఎండాకాలంలో అయితే తెల్లారకముందే నడవాలి, మన ఎండల సంగతి తెలిసిందేగా.

వ్యాయామాలు మీ నడుం చూసి ఫిజియో చెప్పాల్సినవే. సాధారణంగా మొదలుపెట్టించేది ఇది: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. పొట్ట బిగించి, నడుం కింద ఖాళీ లేకుండా నడుమును నేలకు అదమండి. ఊపిరి బిగబట్టకుండా ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు చాలు. అలవాటయ్యాక పిరుదులు పైకెత్తడం నేర్పుతారు. చేసేటప్పుడు కాస్త నొప్పి పెరిగినా మర్నాటికి సర్దుకుంటే భయం లేదు. సర్దుకోకపోతే పదిని ఆరు చేయండి, మానేయొద్దు.

కూర్చునే పనైతే అరగంటకోసారి లేవండి. నేను మంచినీళ్ల సీసా కావాలనే దూరంగా పెట్టుకుంటాను.

నొప్పి తిరగబెట్టిన రోజు ఇంట్లోవాళ్లు కదలొద్దంటారు. ప్రేమే, కానీ వినొద్దు. వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి పావుగంట కాపడం పెట్టుకుని, రోజూ నడిచేదాంట్లో సగమైనా నడవండి. నెల తర్వాత క్యాలెండరు పట్టుకుని మళ్లీ ఫిజియో దగ్గరికి వెళ్లండి. మీ వ్యాయామాలు మార్చాలో వద్దో అది చూస్తే ఆయనకే తెలుస్తుంది.