నాజీ కాలంపై ప్రత్యామ్నాయ చరిత్ర కామిక్స్ గీసేవారికి

నాజీ కాలం మీద ప్రత్యామ్నాయ చరిత్ర కామిక్స్ చేయదలచినవారు ముందుగా చరిత్ర దారి మళ్ళే క్షణాన్ని నిర్ణయించుకోవాలి. కాలయంత్రాలూ రహస్యాయుధాలూ లేకుండానే అలాంటి క్షణాలు దొరుకుతాయి. 1939 నవంబరు 8న మ్యూనిక్‌లోని ఒక బీరు హాలులో, గేయోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగి స్తంభంలో దాచిన బాంబు పేలడానికి 13 నిమిషాల ముందే హిట్లర్ వెళ్ళిపోయాడు. పొగమంచు వల్ల విమానం మానుకుని రైలెక్కవలసి రావడంతో ప్రసంగాన్ని త్వరగా ముగించాడు. ఆ రాత్రి పొగమంచు లేకపోతే అన్న ఒక్క ఊహ కథకు చాలు. అయితే హిట్లర్ చనిపోగానే అంతా చక్కబడినట్టు చూపడం అన్యాయం. డాహౌ నిర్బంధ శిబిరం 1933లోనే మొదలైంది, 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్ని లాగేసుకున్నాయి. వాటిని అమలు చేసిన న్యాయమూర్తులూ గుమాస్తాలూ పోలీసులూ మర్నాడు కూడా పనిలోకి వస్తారు. నేరమంతా ఒక్కడి ఖాతాలో వేసే కథ, ఎంత ఉత్కంఠగా సాగినా, బాధితుల జ్ఞాపకానికి ద్రోహమే.

నాజీలు గెలిచినట్టు రాసేవారికి చిక్కు మరోచోట ఎదురవుతుంది. హిట్లర్ ఆస్థాన వాస్తుశిల్పి ఆల్బర్ట్ స్పీర్ బెర్లిన్ కోసం రూపొందించిన సభామందిరం కట్టి ఉంటే దాదాపు 290 మీటర్ల ఎత్తుండేది; ఆ గుమ్మటాన్ని రెండు పేజీల నిండా గీయాలని ఏ చిత్రకారుడికైనా చెయ్యి ఉవ్విళ్ళూరుతుంది, కానీ గీస్తే ఆ పాలన కోరుకున్న వైభవాన్ని మనమే కట్టి ఇచ్చినట్టవుతుంది. కనుక రాయి ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూపాలి. హిట్లర్ తలపెట్టిన కట్టడాల కోసం, శిబిరాలను నడిపిన నాజీ సాయుధ దళం ఎస్సెస్ 1938లో సొంత కంపెనీ పెట్టి, మౌట్‌హౌజెన్, ఫ్లోసెన్‌బ్యూర్గ్ శిబిరాల ఖైదీల చేత గ్రానైట్ తవ్వించింది. మౌట్‌హౌజెన్ క్వారీ నుంచి పైకి 186 మెట్లు. బండలు మోస్తూ ఎక్కే వరుసలో ముందువాడు తూలితే వెనకవాళ్ళూ దొర్లిపోయేవారు. చూపును మెట్టు ఎత్తుకు దించి, బొమ్మ గడిలో ఒక పాదం, దాని వెనక ఇంకొకరి చేతులు, పైనుంచి నొక్కుతున్న రాతి అంచు మాత్రమే ఉంచితే, తరువాతి పేజీలో గుమ్మటం కనిపించినా పాఠకుడు దాన్ని మెచ్చుకోలుగా చూడలేడు.

హత్యలను వివరంగా గీయనవసరం లేదు. రెండు గడుల మధ్య ఖాళీయే ఆ పని చేయగలదు. గీసిన వివరాల్లో మాత్రం గట్టి పట్టింపు ఉండాలి: చేతిపై సంఖ్యను పచ్చబొట్టుగా పొడవడం ఆష్విట్జ్ శిబిర సముదాయంలోనే జరిగింది కనుక, అక్కడికి ఎన్నడూ వెళ్ళని డాహౌ ఖైదీకి దాన్ని గీయరాదు. మారణహోమమే జరగలేదని వాదించేవారు ఇలాంటి పొరపాట్ల కోసమే కాచుకుని ఉంటారు.

జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను నిషేధిస్తుంది. కళకు మినహాయింపు ఉన్నా, ముఖచిత్రంపై ఆ చిహ్నాన్ని అమ్మకానికి ఎరగా వాడకపోవడమే సరైనదని నా గట్టి అభిప్రాయం.

కథ ముగిశాక, ఏది జరిగిందో, ఏది కల్పనో విడమరిచే పేజీ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. దాదాపు 60 లక్షల మంది యూదులనూ, లక్షలాది రోమానీ ప్రజలనూ, సోవియట్ యుద్ధఖైదీలనూ నాజీలు చంపారన్న వాస్తవాన్ని అందులో కథకు వాడిన అక్షరాల పరిమాణంలోనే అచ్చు వేయాలి.