ఫ్రీలాన్సర్లూ, ఆరోగ్య బీమాలో ముందు డిడక్టిబుల్ చూడండి

సొంతంగా పనిచేసుకునేవాళ్ళు చాలామంది ప్రీమియం ఒక్కటే చూసి పాలసీ తీసేసుకుంటారు. అంతకన్నా ముందు చూడాల్సింది డిడక్టిబుల్. అంటే ఆసుపత్రి బిల్లులో మొదట మనం భరించాల్సిన మొత్తం. అది దాటాకే కంపెనీ చెల్లించడం మొదలుపెడుతుంది. మామూలుగా ఈ మొత్తం పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. చిన్నాచితకా ఖర్చులు మనమే పెట్టుకుని, ఇంటిని అప్పులపాలు చేసే పెద్ద బిల్లుకి బీమాని ఉంచుకోవడం నయమని నా నమ్మకం, ముఖ్యంగా మనలా ఒక నెల పని ఉండి ఇంకో నెల లేనివాళ్ళకి. కాకపోతే డిడక్టిబుల్‌కి సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా ఉండాలి. పని బాగా దొరికిన నెలల్లోనే పక్కన పెట్టేయండి. అంత కూడబెట్టలేకపోయినా, తరచూ ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తున్నా తక్కువ డిడక్టిబుల్ ఉన్నదే మేలు, ప్రీమియం ఎక్కువైనా సరే.

భార్యకో భర్తకో ఉద్యోగం ఉంటే, వాళ్ళ ఆఫీసు బీమాలో మీ పేరు చేర్చే వీలుందేమో ముందు కనుక్కోండి. వృత్తి సంఘాల గ్రూపు పాలసీలూ చూడొచ్చు. సభ్యత్వం ఆగిపోతే బీమా కూడా ఆగిపోతుందా అని అడగడం మర్చిపోకండి.

ఒక్క మాట మాత్రం బతిమాలి చెప్తున్నాను. షుగర్, బీపీ లాంటివి ఉంటే దరఖాస్తులో అడిగినచోట దాచకండి. ఏజెంటు "ఏం ఫర్వాలేదు, రాయకండి" అన్నా వినకండి. తీరా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ కారణం చూపించి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. దరఖాస్తు మీరే నింపి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.